మైకమ్మ చెప్పిన టైము

లాంచీల రేవులో మైకు ముందు కూర్చునే ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఏటేటా తగ్గిపోయారు. చివరికి కట్టుకున్న మొగుడు కూడా పదిమందిలో "మా మైకమ్మ" అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో అనుకుని ఆవిడ వెనక్కి తిరిగి చూసేది.

ఆవిడ గది టికెట్ల కిటికీ పక్కన ఉండేది. గదంటే మూడు వైపులా చెక్క, ముందువైపు అద్దం. ఒక కుర్చీ ఆవిడకి, ఇంకో కుర్చీ ఆవిడ చేతిసంచికి. బల్లమీద మైకు, దాని పక్కన టీ ఫ్లాస్కు. బయట స్తంభాల మీద లౌడ్‌స్పీకర్లు సగం హాల్లోకి, సగం నీళ్ళవైపు తిరిగి ఉండేవి. నీళ్ళవైపు ఎందుకు పెట్టారంటే, హాలు ఎటువైపు కడతారో తేలకముందే వాటిని బిగించేశారట. ఆ తర్వాత తిప్పడం ఎవరి పనో తేలలేదు.

ఏటిపాయ అక్కడ సముద్రమంత వెడల్పు. జేబుల్లో ఫోన్లు లేని రోజులు కాబట్టి లాంచీ ఒడ్డు వదిలాక అది ఎక్కడుందో లాంచీవాళ్ళకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. గాలి, అల, ఇంజను, లాంచీ నడిపే సరంగు నిద్ర, వీటిలో ఏది మొరాయించినా ఆలస్యమే. ఆ సంగతి కప్పిపుచ్చడంలో మైకమ్మది అందెవేసిన చెయ్యి. "కొద్దిసేపట్లో" అంటే లాంచీ బయలుదేరిందని అర్థం. "మరికొద్దిసేపట్లో" అంటే బయలుదేరలేదని. "త్వరలోనే" అంటే సరంగు ఇంకా ఇల్లు వదల్లేదని. "ప్రయాణికులు దయచేసి సహకరించాలి" అన్నదంటే ఇక ఇళ్ళకి పోయి పడుకోవచ్చని. ఈ భాష ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందువల్లే అందరూ నమ్మేవాళ్ళు.

అబద్ధమాడుతున్నానని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. చిన్నప్పుడు తండ్రి తాపీపని మీద ఊళ్ళు పట్టుకుని పోయేవాడు. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. తల్లి మాత్రం రోజూ దీపం ఆర్పేముందు "నాన్న రేపొస్తాడు, పడుకోండి" అనేది. పిల్లలు హాయిగా నిద్రపోయేవాళ్ళు. మర్నాడు ఆయన రాకపోతే మళ్ళీ ఒక రేపు ఉండేది. జనానికి లాంచీ ఎంత అవసరమో, లాంచీ వస్తుందన్న మాట కూడా అంతే అవసరమని మైకమ్మ అప్పుడే నేర్చుకుంది.

ఆ రేవుకి నాలుగు రకాల జనం వచ్చేవాళ్ళు. అద్దంలోంచి చూసి చూసి, ఆవిడ వాళ్ళని నడకని బట్టే పోల్చేది.

అవతలి ఒడ్డువాళ్ళది ఫ్యాక్టరీల ఊరు. ముందు చేతిగడియారం వంక, తర్వాత గోడగడియారం వంక చూసి, రెండూ కలవకపోతే అక్కడికక్కడే దిగులు పడిపోయేవాళ్ళు. లాంచీ తప్పితే ఏం చెయ్యాలో, అది కూడా తప్పితే ఏం చెయ్యాలో ఇంటిదగ్గరే ఆలోచించుకుని వచ్చేవాళ్ళు. ఎండాకాలంలో కూడా వాళ్ళ సంచిలో గొడుగుండేది.

కొండవాళ్ళు ఏ ఒక్కరి మాటా నమ్మరు. మైకమ్మని అడిగి, టికెట్ల గుమాస్తాని అడిగి, టీ కొట్టాయన్ని కూడా అడిగి, ముగ్గురూ చెప్పినవాటిలో మధ్యస్థంగా ఉన్నదాన్ని పట్టుకుని కూర్చునేవాళ్ళు.

దీవివాళ్ళు అడగనే అడగరు. వచ్చి, చాప పరిచి, పడుకునేవాళ్ళు. లాంచీ వస్తే ఎవరో ఒకరు కాళ్ళు తొక్కుతారు కాబట్టి మెలకువ వస్తుందని వాళ్ళ ధైర్యం.

ఇక సొంత ఊరివాళ్ళు. వీళ్ళకి లాంచీ ఎప్పుడొస్తుందో తెలియకపోయినా ఫర్వాలేదు. ఎవరివల్ల రాలేదో తెలిస్తే చాలు. సరంగు వల్లనో, ప్రభుత్వం వల్లనో, పక్కింటివాడి బావమరిది వల్లనో అని తేలిందంటే వాళ్ళ ముఖాల్లోకి ప్రశాంతత వచ్చేసేది. తేలేదాకా మాత్రం హాలు దద్దరిల్లిపోయేది.

మైకమ్మ తన ఒక్కగానొక్క కూతుర్ని దీవివాళ్ళ ఇంటికే ఇచ్చింది. వియ్యపురాలు వెన్నలాంటి మనిషి. అయితే "ఎప్పుడొస్తారు వదినగారూ?" అని అడిగితే "వస్తాంగా" అనేది. ఆ "వస్తాంగా"ని నమ్ముకుని మైకమ్మ పదిమందికి వండిన రోజున ఎవరూ రాలేదు. గిన్నెలు బోర్లించి తలుపేసుకున్న రోజున పదిమందీ వచ్చారు. ఊరందరికీ వచ్చే పోయే వేళలు చెప్పే ఆవిడకి తన గడప తొక్కేవాళ్ళ వేళ మాత్రం ఎన్నడూ తెలిసేది కాదు.

ఇలా జరిగిపోతూ ఉండగా రేవుకి కొత్త మేనేజరు వచ్చాడు. అవతలి ఒడ్డు మనిషి. చేతికొక గడియారం, అది ఆగిపోతుందేమోనని జేబులో ఇంకొకటి. వచ్చిన రోజే అద్దం ముందు నిలబడి అరపూట ఆవిడ ప్రకటనలు విన్నాడు. తర్వాత చేతిసంచిని కుర్చీలోంచి తీసి నేలమీద పెట్టి, తాను కూర్చున్నాడు.

"అమ్మా, ఈ 'కొద్దిసేపట్లో' ఏమిటండీ? కొద్ది అంటే ఎంత?"

"కొద్ది అంటే కొద్దే సార్."

"అలా కుదరదు. ఇకనుంచి ప్రతి ప్రకటనలోనూ కచ్చితమైన టైము ఉండాలి."

"నాకు తెలిస్తే కదా సార్ చెప్పడానికి!"

"తెలియడం వేరు, చెప్పడం వేరు. మా వైపు టైము చెప్పకుండా మంచినీళ్ళు కూడా అడగరు. 'తెలియదు' అన్నమాట మాత్రం ఈ మైకులో వినిపించకూడదు."

నిర్ధారణ లేకుండా నిర్దిష్టంగా చెప్పడమనే ఈ విద్య మైకమ్మకి మొదట్లో కాస్త బెరుకనిపించింది. వారం తిరక్కుండానే అందులో ఆరితేరింది. పదింపావు అంటే జనం అనుమానంగా చూస్తున్నారు. పదీ పదిహేడు అంటే కిమ్మనకుండా వెళ్ళి కూర్చుంటున్నారు. అంత వంకర అంకెని ఎవరూ పుట్టించి చెప్పరని వాళ్ళ నమ్మకం. ఆ పదీ పదిహేడు దాటాక "సాంకేతిక కారణాలవల్ల పదీ నలభై మూడు" అంటే సరిపోయేది. అవతలి ఒడ్డువాళ్ళు తలలూపి తమ లెక్కలు సవరించుకునేవాళ్ళు. కొండవాళ్ళు ఆ పదిహేడుకి గుమాస్తా చెప్పినదీ టీ కొట్టాయన చెప్పినదీ జోడించేవాళ్ళు. ఫిర్యాదులు తగ్గాయని మేనేజరు పొంగిపోయాడు. లాంచీలు మాత్రం ఎప్పటిలాగే వాటి ఇష్టం వచ్చినప్పుడు వచ్చేవి.

చెడిపోయింది దీవివాళ్ళు. టైమంటూ ఒకటి చెవిలో పడేసరికి వాళ్ళకి నిద్ర పట్టడం మానేసింది. చాపమీద లేచి కూర్చుని "ఎంతైంది? ఇంకా పదిహేడు కాలేదా?" అని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకోసాగారు. వాళ్ళలో ఒకాయన గడియారం కూడా కొన్నాడు. దానిలో టైము చూడటం వచ్చినవాడి కోసం రోజూ హాలంతా గాలించేవాడు.

"వదినా, మావాళ్ళని పాడుచేస్తున్నావు" అని వియ్యపురాలు ఇంటికొచ్చి మరీ అంది. "మా ఆయన నిన్న అన్నం దగ్గర 'ఎంతసేపు' అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను వినలేదు."

"నేనేం చెయ్యను వదినగారూ, పైవాళ్ళ ఆజ్ఞ" అని మైకమ్మ నవ్వేసింది. నిజానికి ఆవిడకి లోలోపల గర్వంగానే ఉంది. తన నోటిమాటతో నిద్ర లేచే జనం ఉన్నారంటే చిన్న సంగతా!

చలికాలంలో ఒకరోజు పొద్దున్నే పొగమంచు దిగింది. రేవు మెట్లలో పైమెట్టు మీద నిలబడితే కింది మెట్టు కనిపించడం లేదు. దీవినుంచి మొదటి లాంచీ రావాలి. అందులో మైకమ్మ మొగుడున్నాడు. ఆయన టైలరు. మనవణ్ణి చూడటానికి వెళ్ళి, వియ్యపురాల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు.

లాంచీ తెల్లవారుతూనే బయలుదేరిందని దీవినుంచి ఫోనొచ్చింది. మైకమ్మ ఫ్లాస్కులోంచి టీ వంచుకుని, స్విచ్చి వేసి, "దీవినుంచి వచ్చు లాంచీ అరగంటలో రేవు చేరును" అని తాపీగా చెప్పింది. ఆ పొగమంచులో కూడా వంకర అంకె చెప్పడానికి మనసొప్పక, అరగంటతో సరిపెట్టింది.

అరగంట అయింది. మైకమ్మ లేచి, శాలువా కప్పుకుని, రేవు మెట్ల దాకా వెళ్ళింది. తెల్లగా గోడకట్టినట్టుంది మంచు. ఎదురుచూసి వచ్చి, "మరో అరగంటలో చేరును" అంది. మళ్ళీ అరగంటకి మళ్ళీ మెట్ల దాకా వెళ్ళింది. అప్పుడక్కడ నిలబడి ఉండగా ఆవిడకి ఒక సంగతి తట్టింది. ఈ అరగంట ఎవరు చెప్పారని తనొచ్చి ఇక్కడ నిలబడింది? తనే చెప్పింది. ఎవరు చెబితే తను చెప్పింది? ఎవరూ చెప్పలేదు. తన కడుపులోంచి తీసి పెట్టిన అరగంటని తనే నమ్మి, మెట్లమీద మెడ సాచి నిలబడింది. ఇన్నేళ్ళుగా హాల్లో జనం చేస్తున్నదీ ఇదేనని అప్పుడే ఆవిడకి తెలిసొచ్చింది.

గదికి వచ్చి కూర్చుంది. అద్దం అవతల జనం ఆవిడ ముఖం వైపే చూస్తున్నారు. స్విచ్చి వేసింది. నోరు అలవాటుకొద్దీ "మరో" అంది. అరగంట అన్నమాటని అక్కడే ఆపేసింది.

"దీవి లాంచీ ఎప్పుడొస్తుందో తెలియదు" అంది. మళ్ళీ "నాకు తెలియదు. ఎవరికీ తెలియదు" అంది. స్విచ్చి తియ్యడం మర్చిపోయి, చేతుల్లో ముఖం పెట్టుకుంది.

ముందుగా దీవివాళ్ళు తేరుకున్నారు. "ఇప్పటికి దారికొచ్చింది" అని చాపలు దులుపుకుని పడుకున్నారు. కొండవాళ్ళు గుమాస్తా దగ్గరికీ టీ కొట్టు దగ్గరికీ పరుగెత్తారు. గుమాస్తా తెలియదన్నాడు, టీ కొట్టాయన తెలియదన్నాడు. ముగ్గురూ ఒకే మాట చెప్పడం రేవు చరిత్రలో అదే మొదటిసారి కాబట్టి అది నిజమే అయి ఉంటుందని వాళ్ళు కుదుటపడ్డారు. అవతలి ఒడ్డువాళ్ళు మాత్రం అద్దం ముందు బారులు తీరారు.

"తెలియదన్నారు, బాగానే ఉంది. ఎప్పటికి తెలుస్తుంది?" అని అడిగాడు ముందున్న పెద్దమనిషి, గడియారం మీద వేలు పెట్టి.

సొంత ఊరివాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. లాంచీ ఎందుకు రాలేదో వాళ్ళకి అప్పటికే అర్థమైపోయింది. మైకమ్మ వల్ల.

మేనేజరు మైకు గది తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏమిటమ్మా మీరన్నది? ఆ మాట అనొద్దని చెప్పానా లేదా?"

"అన్నాను. మళ్ళీ అంటాను. నాకు తెలియదు!"

"మెల్లగా! జనం చూస్తున్నారు. తెలియకపోతే ఊహించి చెప్పండి."

"ఊహిస్తే కనిపించేవి మీకు చెప్పమంటారా? నేను రోజూ చెప్పేవన్నీ ఊహలే సార్! పదిహేడు ఊహ, నలభై మూడు ఊహ. సాంకేతిక కారణమంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు!"

ఆ ముక్క హాల్లో మారుమోగింది. గదిలో ఉన్న ఇద్దరూ గమనించలేదు. మేనేజరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీకొక్కరికేనా తెలియనిది? నాకు తెలుసా? ఈ పాయ లోతెంతో నాకు తెలియదు! నన్నిక్కడికి ఎందుకు వేశారో నాకు తెలియదు! నేను గొంతు చించుకుంటున్నానా?"

"మీ మొగుడు లాంచీలో ఉంటే చించుకునేవారు!"

"నాకు మొగుడెందుకుంటాడండీ!"

"ఉంటే తెలిసేది! ఆ మనిషికి ఈత రాదు సార్. పెళ్ళిచూపుల్లో పాయ అడ్డంగా ఈదానని కోతలు కోశాడు. మోకాలు లోతు నీళ్ళల్లో గోడ పట్టుకుని నడిచే మనిషి! మఫ్లరు పెట్టుకోమంటే పెట్టుకోడు. చెప్పిన మాట వినడు. అలాంటివాణ్ణి ఆ మంచులో…"

"ఏడవకండి. దయచేసి ఏడవకండి. ఏడుపు మా నిబంధనల్లో లేదు."

"మీ నిబంధనలు తీసుకెళ్ళి పాయలో కలపండి!"

"కలపడానికి పాయ కనిపిస్తే కదా!"

ఇలా ఒకరిమీద ఒకరు రంకెలేసుకుంటూ ఉండగా, బయట ఎవరో "లాంచీ! లాంచీ!" అని కేకపెట్టారు. మంచులోంచి ముందు ముక్కు, తర్వాత దీపం, ఆ తర్వాత చుక్కాని ముందు చెవులు రిక్కించి నిలబడ్డ సరంగు కనిపించారు. దీవివాళ్ళు తప్ప అందరూ మెట్లకేసి పరుగెత్తారు.

మైకమ్మ వెళ్ళేసరికి మొగుడు తాడు పట్టుకుని దిగుతున్నాడు. ఆవిడ ఆయన చెయ్యి అందుకుని గట్టిగా పట్టుకుంది. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"ఈత సంగతి మైకులో చెప్పాలా?" అన్నాడు.

"మైకులోనా?" అంది మైకమ్మ.

లాంచీలో జరిగింది వియ్యపురాలు చెప్పింది. పాయ మధ్యలోకి వచ్చాక సరంగుకి దిక్కు తప్పింది. ఇంజను ఆపేశాడు. అంతలో ఎక్కడినుంచో మైకమ్మ గొంతు "అరగంటలో రేవు చేరును" అంది. దాంతో లాంచీలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. తామెక్కడున్నారో తమకి తెలియకపోయినా రేవులో వాళ్ళకి తెలుసని! అవతలి ఒడ్డుకి పోవలసినవాళ్ళు గడియారాలు సరిచేసుకున్నారు. సరంగు కూడా "ఆవిడే చెప్పింది కాబట్టి దగ్గరే ఉండాలి" అన్నాడట. ఆ తర్వాత "తెలియదు" అన్నమాట వినిపించింది. లాంచీలో ఏడుపులు మొదలయ్యాయి. టైలరు కూలబడి, జేబులో ఉన్న కొలతల టేపుని వేళ్ళకి చుట్టి విప్పడం, విప్పి చుట్టడం మొదలుపెట్టాడు.

"అప్పుడు నీ కేకలు వినిపించాయి వదినా" అంది వియ్యపురాలు. "నాకప్పుడే మెలకువొచ్చింది, అంతకుముందుది పక్కవాళ్ళు చెప్పారు. నువ్వూ ఆ మేనేజరూ ఆపకుండా అరుస్తుంటే, సరంగు ఆ గొంతు పట్టుకుని నడిపాడు. ఎడమ చెవిలో ఎక్కువ వినిపిస్తే ఎడమకి, కుడి చెవిలో ఎక్కువ వినిపిస్తే కుడికి. మధ్యలో నువ్వు కాస్త నెమ్మదిస్తే 'అయ్యో, ఇంకొంచెం తిట్టమ్మా' అని అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు. అన్నయ్యగారి ఈత దగ్గరికొచ్చేసరికి నిటారుగా రేవుకే వచ్చేశాం."

మైకమ్మ అందరి ముందూ మొగుడి భుజం మీద తల ఆనించి, నవ్వో ఏడుపో తెలియని శబ్దం చేసింది. ఆయన తన శాలువా కొంగులోంచి మఫ్లరు తీసి చూపించాడు. తెచ్చుకున్నాడు. పెట్టుకోలేదంతే.

మర్నాడు మేనేజరు పై ఆఫీసుకి జరిగినదంతా చెప్పాడు. మైకమ్మ ఉద్యోగం ఊడుతుందని సొంత ఊరివాళ్ళు పందేలు కాశారు. ఊడలేదు. పై ఆఫీసువాళ్ళూ అవతలి ఒడ్డు మనుషులే. ఏ సంగతైనా ఒక పద్ధతిలో పెడితే తప్ప వాళ్ళకి నిద్రపట్టదు. పొగమంచు రోజుల్లో మైకు గదిలో ఇద్దరు సిబ్బంది లాంచీ చేరేదాకా ఎడతెగకుండా, తగినంత గట్టిగా మాట్లాడుకోవాలని ఆజ్ఞ వచ్చింది. ఆ ఇద్దరూ మైకమ్మ, మేనేజరు.

తర్వాతి పొగమంచు రోజున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మేనేజరు గొంతు బిళ్ళలు తెచ్చుకున్నాడు. స్విచ్చి వేశారు. ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. వాతావరణం గురించి చెరో మాట అని ఊరుకున్నారు. సరంగులకి అలాంటి మాటలు పాయలో పావువంతు దూరం కూడా చేరవని అప్పటికే తెలుసు.

"మీరే మొదలుపెట్టండి" అన్నాడు మేనేజరు గుసగుసగా.

మైకమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఆ చొక్కా ఎన్ని రోజులనుంచి తొడుగుతున్నారు సార్? బొత్తం ఊడి వేలాడుతుంటే కనిపించడం లేదా?" అంది.

"నా చొక్కా సంగతి మీకెందుకండీ!" అన్నాడాయన, నిజంగానే గొంతు పెంచి. ఆ రోజు లాంచీ పది నిమిషాలు ముందే వచ్చింది.

అలా ఆ ఇద్దరూ చాలా చలికాలాలు పోట్లాడుకున్నారు. బొత్తాలు టైలరు కుట్టి పంపేవాడు. దీవివాళ్ళు పొగమంచు రోజున పనిలేకపోయినా రేవుకి వచ్చి, చాపమీద పడుకుని వినేవాళ్ళు. కొండవాళ్ళు తీర్పులు చెప్పేవాళ్ళు. అవతలి ఒడ్డువాళ్ళు మాత్రం పోట్లాట ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో ముందుగా ప్రకటించాలని కోరుతూ ఉండేవాళ్ళు. మామూలు రోజుల్లో మైకమ్మ మళ్ళీ "కొద్దిసేపట్లో"కే వచ్చేసింది. మేనేజరు విననట్టు ఊరుకున్నాడు.

ఆయనకి బదిలీ అయిన రోజున మైకమ్మ రేవు మెట్లమీద నిలబడి కళ్ళు తుడుచుకుంది. తర్వాత వచ్చిన మేనేజరు నెమ్మదస్తుడు. ఏమన్నా "మీరు చెప్పింది నిజమేనమ్మా" అనేవాడు. అలాంటివాడితో పొగమంచులో ఏం చేస్తాం? ఒక్క చలికాలం చూసి, రేవుకి పెద్ద గంట కొన్నారు. మైకమ్మ ఇంటికెళ్ళి ఆ కొత్త మేనేజరు గురించి మొగుడికి చెబుతూ, "ఒక్క మాటకి కూడా ఎదురు చెప్పడండీ, ఎలా బతుకుతాడో ఏమిటో!" అని నిజంగానే బాధపడింది.